రెండు రీళ్ళ పులిహోర

మొన్న ఆదివారం భోజనాలయ్యాక ఫ్యాను కింద నడుం వాల్చానో లేదో, మా మనవరాలు ఫోను పట్టుకుని వచ్చి నా పక్కన చేరింది. తిరుపతిలో మా ఇంట్లోనే ఉండి కాలేజీలో చదువుకుంటోంది అది. చదువు సంగతి నాకు తెలియదు గానీ, పాత సినిమాల విషయంలో మాత్రం దానికి డాక్టరేటు ఇవ్వచ్చు. నా వయసు వాళ్ళు మరిచిపోయిన నటుల పేర్లు కూడా గడగడా చెప్పేస్తుంది.

"అవ్వా, నిద్రపోవద్దు. ఇది సూడు. పావుగంటే. దీంట్లో అందురూ పెద్ద పెద్ద హీరోలే. ఒక్కొక్కరు వచ్చి ఒక్కో ముక్క పాడి పోతా ఉంటారు. భలే కామెడీ."

ఎవరో పుణ్యాత్ములు ఏ గోదాములోనో మగ్గిపోతున్న రీళ్ళను తెచ్చి, తుడిచి, బాగుచేసి నెట్‌లో పెట్టారట. మొదటి ముక్క తెగిపోయిందేమో, పేరు లేదు. సరాసరి పెళ్ళిపందిరితో మొదలైంది. పెళ్ళివారు ఆకుల ముందు కూర్చుని ఉన్నారు. వంట ఇంకా కాలేదు. పెళ్ళికూతురి తండ్రి పంచె ఎగ్గట్టి అటూ ఇటూ పరిగెత్తుతున్నాడు. ఆకలికి ఆగలేక అతిథులు ఒక్కొక్కరే పాట ఎత్తుకుంటున్నారు.

కళ్ళజోడు వెతుక్కునే ఓపిక లేక అరమోడ్పు కళ్ళతో చూస్తున్నాను. పాట చెవిన పడగానే మాత్రం లేచి కూర్చున్నాను. ఆ వరస నాకు తెలుసు. ఆ పందిరి వెనకాల కనిపించే రాతిస్తంభం తెలుసు. దాని మీద చెక్కిన హంసకు ముక్కు విరిగి ఉండాలి. 

"నా కళ్ళజోడు ఇట్లియ్యి," అన్నాను. పెట్టుకుని చూశాను, విరిగే ఉంది.

అంతలో వంటశాల వచ్చింది. పెద్ద గుండిగ, దాని మీద మూత, మూత పక్కనుంచి ఆవిరి. ఆవిరి వెనక నుంచి బొద్దుగా ఒక వంటాయన బయటికి వచ్చాడు. నుదుట నిలువునామం, గుబురు మీసం, తలపాగా. మనవరాలు అక్కడ బొమ్మను ఆపేసింది.

"అందర్నీ గుర్తుపట్టినా గానీ ఈయనొక్కడు తెలియడంలేదు. కింద కామెంట్లలో కూడా అందురూ ఇదే అడగతా ఉండారు. ఈయన ఏ హీరో అవ్వా?"

సరిగ్గా ఇదే ప్రశ్న అరవై ఏళ్ళ కిందట ఒక టెంటు నిండా జనం అడిగారు. అప్పుడు నేను లేచి జవాబు చెప్పాను. ఆ నిర్వాకం తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

చిత్తూరు నుంచి తిరుపతి వచ్చే దారిలో ఒక చిన్న ఊరు మాది. పేరెందుకు లెండి, ఇప్పుడు పోయి చూసినా నేను చెప్పబోయేవేవీ మీకు అక్కడ కనిపించవు. ఎండాకాలం వస్తే మా ఊరికి రెండు వాసనలుండేవి. పగలంతా మండీల్లో గడ్డి కింద మగ్గేసిన మామిడికాయల వాసన. పొద్దు పొడిచే వేళకు గుడి వైపు నుంచి నువ్వుల నూనెలో వేగే ఇంగువ, మెంతుల వాసన. మా వంతు నెలలో ఆ రెండో వాసన మా తాతది.

మా నాయన వాళ్ళ నాయన ఆయన. పెరుమాళ్ళ గుడిలో మడపల్లి, అంటే స్వామికి నైవేద్యం వండే వంటిల్లు, మూడు కుటుంబాల చేతిలో ఉండేది. నెలకొక కుటుంబం వంతు. మా వంతు వచ్చిన నెల తాత ఇంట్లో ఉన్నా లేనట్టే. స్నానం చేసి తడిబట్టతో పోయేవాడు. మడపల్లి గడప దాటాక మాట లేదు. ముక్కూ నోరూ కలిపి గుడ్డ కట్టుకునేవాడు. వండే వాసన కూడా స్వామి కంటే ముందు తాను పీల్చకూడదట. ఇక రుచి చూడడం అన్న ఊసే లేదు. ఉప్పు చేతి కొలత, పులుపు కంటి కొలత.

మరి కుదిరిందో లేదో ఎట్లా తెలుస్తుంది? ప్రసాదం పంచే వేళకు తాత మంటపంలో ఒక స్తంభం వెనక నిలబడి, తినేవాళ్ళ మొహాలు చూసేవాడు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ మా అవ్వతో చెప్పేవాడు.

"ఈ పొద్దు ఉప్పు ఒక చిటికెడు తక్కువైంది."

"నువ్వు తిన్న్యావా?"

"ఇంగా లేదు. మండీ ఆయన రెండో ముద్ద ఎత్తేముందు ఆగినాడు."

ఆయన వాటా ఆయనకు అందరి తర్వాత వచ్చేది. అప్పటికి ఆకు మీద అది చల్లారి, నూనె పేరుకుని ఉండేది. "సల్లారింది తింటే ఏం తెలుస్తాది? గుండిగ దించినప్పుడు ఎట్లుంటాదో స్వామి ఒక్కడికే తెలియాల," అనేవాడు. ఆ మాట ఫిర్యాదులా ఉండేది కాదు. వేసవిలో బావి నీళ్ళు అడుగంటాయని చెప్పినట్టు చెప్పేవాడు.

ఊరందరికీ ఆయన పులిహోర తెలుసు గానీ ఆయన మొహం చాలామందికి తెలియదు. పొద్దున పోయి గోడ వెనక పొగలో ఉండే మనిషిని ఎవరు చూస్తారు? చూసేదాన్ని నేనే. ఇంట్లో అటక మీద జాడీలో పులికాచల్, అదే పులిహోరలో కలిపే చింతపండు ముద్ద, ఎప్పుడూ ఉండేది. మధ్యాహ్నం అవ్వ కునుకు తీసేవేళ బియ్యం డబ్బా ఎక్కి అందులో వేలు ముంచేదాన్ని. ఒకరోజు తాతకు దొరికిపోయాను. తిడతాడనుకుంటే, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి అడిగాడు. "ఉప్పు సరిపోయిందా మే?" సరిపోయిందని తల ఊపాను. ఆ పొద్దంతా ఆయన సంతోషంగా ఉన్నాడు.

ఆ ఎండాకాలం మొదటి నెల వంతు మాది కాదు. వంతు లేని నెలల్లో తాత పెళ్ళిళ్ళకు వండేవాడు, అక్కడా రుచి చూసేవాడు కాదు, అందరి తర్వాతే తినేవాడు. ఒకరోజు మద్రాసు నుంచి రెండు వ్యాన్లు వచ్చి ముక్కు విరిగిన హంస స్తంభం ఉన్న మా ఊరి సత్రం ముందు ఆగాయి. సినిమావాళ్ళు! ఏదో సహాయనిధి కోసం పేరున్న తారలంతా ఊరికే నటిస్తున్న రెండు రీళ్ళ బొమ్మ అట. పెద్ద సినిమాకు ముందు వేస్తారట. ఊరు ఊరంతా పనులు మానుకుని సత్రం చుట్టూ చేరింది. తీరా చూస్తే ఒక్క తార కూడా రాలేదు. వాళ్ళ ముక్కలు మద్రాసులోనే తీసేసుకుంటారని, ఇక్కడ పందిరి, జనం, వంటశాల తీసుకుని పోతారని తెలిసి మా వాళ్ళ మొహాలు వాడిపోయాయి.

వంట మాత్రం నిజంగా జరగాలి. ఆవిరి నిజంగా లేవాలి, మధ్యాహ్నం సినిమావాళ్ళు అదే తినాలి. దాంతో తాతను పిలిపించారు. వంటవాడి వేషం కట్టాల్సిన నటుడు రాకపోయేసరికి, గుండిగ ముందు గరిటెతో నిలబడ్డ తాతను డైరెక్టరు కింది నుంచి మీదికి చూసి, "ఇంకెవరో ఎందుకు?" అన్నాడట.

మూడో రోజు సాయంత్రం ఇంటికొచ్చిన తాతను అవ్వ గుమ్మంలోనే ఆపింది.

"ఏంది అది, మూతి మింద?"

"జిగురు."

"జిగురెందుకు?"

"మీసానికి."

"మీసమెందుకు?"

ఇక దాచి లాభం లేదని తాత చెప్పాడు. మూత తియ్యాలి, చిటికెడు పులిహోర ఎత్తి నోట్లో వేసుకోవాలి, కళ్ళు మూసుకుని తల ఊపాలి. అంతే, పాటలో రెండు చరణాల మధ్య వస్తుంది. అవ్వ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"నోట్లో యేసుకున్న్యావా? గుండిగలో నుంచి? స్వామికి పెట్టకుండా?"

"వేషమే," అని తాత తువ్వాలు భుజాన వేసుకుని బావి దగ్గరికి వెళ్ళిపోయాడు.

అవ్వ నన్ను దీపం ముందు నిలబెట్టి ఒట్టు వేయించుకుంది. ఈ సంగతి గడప దాటకూడదు. మీసం పెట్టినారు, తలపాగా చుట్టినారు, ఎవురికి తెలుస్తాది? నువ్వు నోరు మూసుకుంటే చాలు. సరే అన్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నా కడుపులో మాట దాగదని అప్పటికే మా వీధి వీధంతా ఎరుగుదురు. అవ్వ ఒక్కతే నమ్మింది, పాపం.

రెండు నెలలు తిరక్కముందే మా ఊరి చివర వాగు ఇసకలో టూరింగు టాకీసు దిగింది. దాంతో పాటే ఈ బొమ్మా వచ్చింది. పక్కింటి అత్త నన్ను మొదటి ఆటకు తీసుకుపోయింది. తడి ఇసక, బీడీ పొగ, వేయించిన వేరుశనక్కాయలు, ఇవన్నీ కలిసిన ఆ టెంటు వాసన ఇప్పటికీ ఎక్కడైనా కొంచెం తగిలితే నా కాళ్ళు ఆగిపోతాయి.

తారలందరూ మామూలు అతిథుల వేషంలో వస్తారు కదా, గుర్తుపట్టడమే జనానికి ఆట. కత్తియుద్ధాలు చేసే హీరో అప్పడం విరగక అవస్థ పడుతుంటే టెంటు అదిరిపోయింది. సినిమా నిండా ఏడ్చే నాయిక మిరపకాయ కొరికి, కన్నీళ్ళు కారుస్తూ నవ్వుతూ పాడింది. పిల్లలం పేరు చెబితే జడుసుకునే విలను సిగ్గుపడుతూ ఇంకొంచెం పాయసం అడిగాడు. ప్రతివాణ్ణీ జనం పేరు పెట్టి కేకేశారు. అప్పుడు వచ్చాడు మా తాత, ఆవిరిలోంచి.

ఏ పేరు కేకెయ్యాలో ఎవరికీ తెలియలేదు. "వీడెవురప్పా?" అన్నారెవరో. ఇంత మంది మహామహుల మధ్య వచ్చాడంటే వీడూ మహానుభావుడే అయివుండాలని అందరి లెక్క. మా ముందు బెంచీలో బట్టలకొట్టు ఆయన ఉన్నాడు. సరుకు కోసం మద్రాసు పోయివచ్చే మనిషి కాబట్టి సినిమా సంగతుల్లో ఆయన చెప్పిందే వేదం.

"తెలీదా అబ్బా? అరవనాటకాల్లో పెద్ద పేరు ఈయనది. రాజుల కాడ బంగారు కడియం తీసుకున్న్యాడు. సినిమాల్లో ఊరికే యెయ్యడు. ఆ తల ఊపడం సూడు, నలబై ఏండ్ల అనుభవం!"

జనం చప్పట్లు కొట్టారు. నేను బెంచీ ఎక్కి నిలబడ్డాను. ఎప్పుడు ఎక్కానో నాకే తెలియదు.

"కాదు! అది మా తాత! గుళ్ళో ప్రసాదం వండే తాత! ఆ మీసం జిగురుతో అతికించింది!"

పక్కింటి అత్త నా గౌను పట్టుకుని కిందికి లాగింది. అప్పటికే నవ్వులు టెంటు చివరి దాకా పోయాయి. మరునాడు పొద్దున అవ్వ నీళ్ళకు పోతే నలుగురు ఆపి అడిగారు. ఇంటికొచ్చి బిందె దించి నా వైపు చూసింది. కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మూడో రోజు గుడి మంటపానికి రమ్మని కబురొచ్చింది. పిలిచింది పెద్ద అర్చకులు. ఊరంతా పెద్దస్వామి అనేవారు. సన్నగా, నిటారుగా ఉండేవాడు. ఆయన వస్తుంటే పిల్లలం గోడకు అతుక్కుపోయేవాళ్ళం. సొంత తమ్ముడు కట్టిన గోడ రెండడుగులు వీధిలోకి వచ్చిందని పంచాయతీలో నిలబడి చెప్పిన మనిషి. ఆయన నోట అబద్ధం రాదని ఊరికి గురి. తాతా ఆయనా ఒకే అరుగు మీద అక్షరాలు దిద్దుకున్నారట గానీ, నేను చూసేసరికి వాళ్ళ మధ్య నాలుగు మాటలకు మించి ఉండేవి కావు.

మిగతా రెండు కుటుంబాల వాళ్ళూ వచ్చారు. నేను అవ్వ కొంగు వెనక నక్కాను. వాళ్ళలో ఒకాయన మొదలుపెట్టాడు.

"సినిమాలో కనపడితే కనపడినాడు, దాన్ని మేము తప్పు పట్టలా. గుండిగ కాడ నిలబడి రుచి సూసినాడు. ఆడ సూసిన చెయ్యి ఈడ సూడదని ఏం నమ్మకం స్వామీ? నాలుగు దినాల్లో వంతు వాళ్ళది. ఇచ్చేదా, వద్దా?"

అప్పుడు నాకు అర్థమైంది నేను చేసిన పని. మడపల్లి లేని తాతను ఊహించుకోవడం నాకు చేతకాలేదు. ఆయన తాత, వాళ్ళ తాత వండిన పొయ్యి అది. అది పోతే ఆయన పొద్దున లేచి ఎక్కడికి పోతాడు? అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు ఆపుకున్నాను.

పెద్దస్వామి తాత వైపు తిరిగాడు. "నోట్లో పెట్టుకున్న్యావా అప్పా?"

తాత తన కాళ్ళ దగ్గరి బండ మీద ఏదో రాసి ఉన్నట్టు తల వంచుకుని చూస్తున్నాడు.

"లేదు స్వామీ," అని అవ్వ అందుకుంది. "వేషమే అని మాతో చెప్పినాడు. చెయ్యి మూతి దాకా పోయింది, అంతే."

"నిన్ను అడగలేదమ్మా." పెద్దస్వామి అందరి వైపు తిరిగాడు. "మాటలెందుకు? బొమ్మ ఉండాది గదా. నేనే పోయి సూస్తా."

మంటపంలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. హరికథ తప్ప ఇంకే ఆటా చూసి ఎరగని మనిషి టెంటులోకి పోతాడట!

గుడి తలుపులు మూసివుండే మధ్యాహ్నం వేళకు ఏర్పాటు చేశారు. లోపల పెద్దస్వామి ఒక్కడే కూర్చోవాలి, వెనక బొమ్మ వేసే ఆపరేటరు తప్ప ఇంకెవరూ ఉండకూడదు. ఎవరో కూర్చున్న బెంచీ మీద కూర్చోనని ఆయన చంకలో సొంత పీట పెట్టుకుని వచ్చాడు. తాతను కూడా రమ్మన్నారు. తాత నా చెయ్యి పట్టుకుని వచ్చాడు గానీ లోపలికి రానన్నాడు. టిక్కెట్లిచ్చే తడిక నీడలో ఇద్దరం నిలబడ్డాం. ఇసక చెప్పుల్లోంచి కూడా కాలుతోంది.

లోపల పాట మొదలైంది. అప్పడం ముక్క అయింది, మిరపకాయ ముక్క అయింది, పాయసం అయింది. తరవాత పాట ఆగి తబలా ఒక్కటే మోగుతుంది, మా తాత వచ్చేది అక్కడే. తబలా మొదలవగానే తాత నా చేతిని గట్టిగా నొక్కాడు. నొప్పెట్టింది. అయినా నేను లాక్కోలేదు.

బొమ్మ అయిపోయింది. లోపలి నుంచి పెద్దస్వామి గొంతు వినిపించింది.

"పైన చిల్లులో నుంచి ఎండ పడి మొగం కనపడలా. అది మూసి ఇంగొకసారి యెయ్యి."

టిక్కెట్లు చించే ఆయన నిచ్చెన వేసుకుని టెంటు పైకి ఎక్కి, చిల్లు మీద గోనెసంచి కప్పి దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ పాట. మళ్ళీ అప్పడం, మిరపకాయ, పాయసం. మళ్ళీ తబలా. ఈసారి తాత నా చెయ్యి వదిలేసి కళ్ళు మూసుకున్నాడు.

తడిక జరిగింది. పెద్దస్వామి ఎండలోకి వచ్చి కళ్ళు చిట్లించాడు. దూరంగా వాగు గట్టు మీద నిలబడ్డ రెండు కుటుంబాల వాళ్ళూ గబగబా దగ్గరికి వచ్చారు. ఆయన వాళ్ళ వైపు చూశాడు, తాత వైపు చూశాడు.

"తినలా. నేను సూసినా."

అంతే. ఆ మాట మీద ఇంకొకరు నోరెత్తే ప్రశ్నే లేదు. తాత ముందుకు వంగి ఆయన పాదాలు తాకబోయాడు. పెద్దస్వామి ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఎండగా ఉండాది. పిల్లను ఇంటికి తీసకపో," అని పీట చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తాత ఆ కాలే ఇసకలోనే కూలబడ్డాడు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు. సంతోషం అనుకున్నాను. నేను గంతులు వేస్తూ ఇంటికి పోయి అవ్వకు చెప్పాను. అవ్వ ఆ పూట పాయసం చేసింది.

ఒకటో తేదీ వచ్చింది. తాత పొద్దున్నే స్నానం చేసి తడిబట్టతో పోయాడు. అరగంట కాకుండానే తిరిగి వచ్చాడు. తమ్ముడి కొడుకును లేపి, "ఇంక నుంచి మన వంతు నువ్వే చెయ్యి. నాకు మోకాళ్ళు పట్టుకున్న్యాయి, పొయ్యి కాడ నిలబడలేను," అన్నాడు. అవ్వ తిట్టింది, బతిమాలింది, ఏడ్చింది. ఆయన వినలేదు. ఆ రోజు నుంచి గుడి వెనక పూలతోటలో తులసిమాలలు కట్టేవాడు. మోకాళ్ళు పట్టుకున్న మనిషి అరవై మెట్లు దిగి బావి నుంచి నీళ్ళు మోసి తోటకు పోసేవాడు. ఆ సంగతి ఎవరూ ఎందుకు అడగలేదా అని ఇప్పుడనిపిస్తుంది.

ఆ ఒకటో తేదీ పొద్దెక్కగానే పెద్దస్వామి నన్ను పిలిచాడు. గోడవారనే నడుస్తూ పోయాను. గర్భగుడిలో అప్పుడే గంట ఆగింది. నైవేద్యం అయిన గుండిగ ఇంకా పొగలు కక్కుతోంది. జనానికి పంచడం మొదలుపెట్టక ముందే, ఆయన తన చేత్తో అరటాకులో పులిహోర పెట్టి, మడిచి, నా చేతుల్లో పెట్టాడు. ఆకు చురుక్కుమంది.

"తాతకు ఇయ్యి. ఉప్పు సరిపోయిందో లేదో సూసి చెప్పమన్న్యానని చెప్పు. నిలబడొద్దు, పరిగెత్తు. సల్లారిపోతాది."

పరిగెత్తాను. తోటలో తాత తులసి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని ఆకు విప్పాడు. ఆవిరి లేచింది. చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "సరిపోయిందని చెప్పు పో," అన్నాడు.

మా వంతు వచ్చిన ప్రతి నెలా, ప్రతి రోజూ ఇదే పని నాకు. ఒక్కోరోజు "రేపు ఒక చిటికెడు తగ్గించమను," అని తిరుగు కబురు. పెద్దస్వామి అది విని తల పంకించేవాడు. వాళ్ళిద్దరూ ఎదురుపడి మాట్లాడుకోవడం మాత్రం నేను చూడలేదు. నాకు పెళ్ళై వచ్చేసిన తర్వాత ఆ ఆకు ఎవరు మోశారో తెలియదు. ఇద్దరూ ఒకే ఏడాది పోయారు, ముందు తాత. టాకీసు దిగిన వాగు ఇసక కూడా పోయింది, ఇళ్ళు కట్టేవాళ్ళు లారీలకెత్తుకున్నారు. చిన్నప్పుడు ఆ ఇసకలో ఆపరేటరు పారేసిన ఫిల్ము ముక్కల కోసం తెగ వెతికేదాన్ని, తాత దొరుకుతాడేమోనని. ఒకసారి నాయిక పాదం దొరికింది. తాత దొరకలేదు.

"అవ్వా! ఎవురంటే చెప్పవే?"

"మా తాత," అన్నాను. ఈసారి బెంచీ ఎక్కలేదు. మనవరాలు నోరు తెరిచింది. కథంతా చెప్పాక, అది మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఫోను నా మొహం ముందు పెట్టింది.

"అయితే ఉండు. ఆ కాలంలో వాళ్ళకు నిలిపి సూసేదానికి లేదు. మనకుండాది."

వేళ్ళతో బొమ్మను పెద్దది చేసి, కొంచెం కొంచెంగా ముందుకు జరపడం మొదలుపెట్టింది. మూత లేచింది. ఆవిరి తొలగింది. తాత చెయ్యి గుండిగలోకి పోయింది, పైకి వచ్చింది, నోటి దగ్గరికి వెళ్ళింది.  వేళ్ళు నోట్లోకి వెళ్ళాయి. బయటికి వచ్చేసరికి ఖాళీగా ఉన్నాయి. అతికించిన మీసం మీద ఒక మెతుకు ఉంది. దవడ కదిలింది. గొంతులో చిన్న కదలిక.

తర్వాత కళ్ళు మూసుకున్నాడు. తల ఊపమని ఆయనకు డైరెక్టరు చెప్పాడు, ఊపాడు. కానీ మొహం నిండా పరుచుకున్న ఆ నవ్వు ఎవరూ చెప్పి చేయించింది కాదు. తోటలో ఆకు విప్పిన ప్రతిసారీ నేను చూసిన నవ్వే అది. నలభై ఏళ్ళు ఊరందరి మొహాల్లో వెతుక్కున్న రుచి, దించిన పులిహోర రుచి, ఆ ఒక్కసారి ఆయన నాలుకకు తగిలింది. అందుకే మంటపంలో మాట రాలేదు. అందుకే ఒకటో తేదీ గడప దాకా పోయి తిరిగొచ్చాడు.

ఆ గోనెసంచి కప్పిన చీకట్లో తెరకు నాలుగడుగుల దూరంలో పీట వేసుకుని కూర్చున్న మనిషి, ఇదంతా చూశాడు. ఫోనులో ఇంత కనిపిస్తే అంత పెద్ద తెర మీద ఎంత కనిపించి ఉంటుంది! చూసి, బయటికి వచ్చి, బతుకంతా ఆడని అబద్ధం ఎండలో నిలబడి ఆడాడు. గోడకు అతుక్కుని ఆయన్ను తప్పించుకు తిరిగిన నా చిన్నతనం మీద నాకే కోపం వచ్చింది. ఆకు మోసినన్నాళ్ళు మోశాను, ఒక్కసారి ఆయన కాళ్ళకు దండం పెట్టలేదు.

"తిన్న్యాడు గదా అవ్వా?" మనవరాలి కళ్ళు మెరుస్తున్నాయి. "బాగా సూడు, నములతా ఉండాడు. కామెంట్లో రాస్తా. ఈయన హీరో కాదు, మా ముత్తాత వాళ్ళ నాయన, గుళ్ళో వంటాయన, నిజంగానే తిన్న్యాడు అని."

నేను కళ్ళజోడు తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాను.

"గుళ్ళో వంటాయన అని రాయి," అన్నాను. "తినలా. నేను సూసినా."